వలసపోయేవాడు మోసుకొనిపోగలిగినది: కల్వకుర్తి ప్రాంత సంఘ చరిత్రలో సమాజ సేవ, జీవన నైపుణ్యముల విద్య

"సమాజాభివృద్ధి ప్రాజెక్టు", "జీవన నైపుణ్యముల విద్య" అను మాటలు మన సంఘ కమిటీలలో తరచుగా వినబడుతున్నాయి. కుట్టుమిషను శిక్షణ, త్రాగునీటి బోరు, కంటి వైద్య శిబిరము, యౌవనస్థుల సదస్సు, వీటన్నిటినీ ఒకే గంపలో వేసి ఈ పేర్లతో పిలుస్తున్నాము. అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలో ఈ విద్యను పాఠశాలల కొరకు ప్రతిపాదించినప్పుడు పేర్కొన్న పది నైపుణ్యములు వేరు. నిర్ణయము తీసికొనుట, సమస్యను పరిష్కరించుట, కొత్తగా ఆలోచించుట, విమర్శనాత్మకముగా ఆలోచించుట, మనసులోని మాటను స్పష్టముగా చెప్పుట, ఇతరులతో మెలగుట, తన్ను తాను ఎరుగుట, ఎదుటివాని బాధను గ్రహించుట, ఉద్వేగములను అదుపులో ఉంచుకొనుట, ఒత్తిడిని తట్టుకొనుట. ఈ పట్టికలో కుట్టుమిషను లేదు. కుట్టుపని జీవనోపాధికి సంబంధించినది. రెండూ అవసరమే గాని రెండూ ఒకటి కావు. జీవన నాణ్యతను కొలిచేటప్పుడు కూడా అదే సంస్థ, మనిషికి ఏమేమి ఉన్నాయి అనే ప్రశ్నతో ఆగకుండా, తన స్థితిని ఆ మనిషి తానే ఏ విధముగా ఎంచుకొంటున్నాడని అడిగింది.

ఈ తేడాను మనసులో ఉంచుకొని కల్వకుర్తి, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల ప్రాంతముల సంఘ చరిత్రను మరొకసారి చదవాలన్నది ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. కల్వకుర్తి అనగానే చాలామందికి 1989 శాసనసభ ఎన్నికలు, అక్కడ ఎన్.టి. రామారావు గారి ఓటమి గుర్తుకు వస్తాయి. సంఘ చరిత్ర విద్యార్థికి గుర్తుకు రావలసినవి వేరే ఉన్నాయి. 2016 అక్టోబరు వరకు ఈ ప్రాంతమంతా మహబూబ్‌నగర్ జిల్లా. ప్రజల నోట పాలమూరు. దుందుభి వాగు పారేది వానాకాలములోనే. జొన్న, ఆముదము, వేరుశనగ పంటలు మొగులును నమ్ముకొన్నవి. 2001 జనాభా లెక్కలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 60.47 శాతము కాగా ఈ జిల్లాది 44.41 శాతము. పదేండ్ల తరువాత 2011లో కూడా 55.04 శాతము దగ్గరే ఆగింది.

ఇది జనము నిలిచి ఉండే నేల కాదు, వెళ్లిపోయే నేల. మా వాదము కూడా ఇక్కడి నుండే మొదలవుతుంది. వంద సంవత్సరములకు పైగా సంఘము ఇక్కడ ఎన్నో పనులు చేసింది. వాటిలో వలసపోయేవాడు తనతో మోసుకొనిపోగలిగినది నిలిచింది. మోసుకొనిపోలేనిది, ఎంత గొప్ప ఉద్దేశముతో కట్టినదైనా, క్షీణించింది.

కాలువ త్రవ్వించిన దొర

పాలమూరు కథకు ముందు ఒంగోలు వెళ్లక తప్పదు. ఎందుకనగా పాలమూరులో మొదట పాతుకొన్న ప్రొటెస్టెంటు మిషను ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషనే. 1866లో ఒంగోలుకు వచ్చిన జాన్ ఇ. క్లౌ దొరగారు సేవకు రాకముందు అమెరికాలో భూమి కొలిచే సర్వేయరు. 1876-78 మహా కరువులో ఆ పాత విద్య ఆయనకు అక్కరకు వచ్చింది. ప్రభుత్వము కరువు పనిగా బకింగ్‌హాం కాలువను త్రవ్విస్తున్నది. పనికి పోయిన మాదిగ కూలీలను మేస్త్రీలు కొట్టడము, కూలి కాజేయడము మామూలు. క్లౌ దొర మూడున్నర మైళ్ల కాలువను తానే గుత్తకు తీసికొన్నారు. తన బోధకులను పని మీద మేస్త్రీలుగా పెట్టారు. కొలత ప్రకారము పని, పనికి పూర్తి కూలి. సాయంకాలము వాక్యము.

కరువు సహాయము సాగుతున్నంత కాలము, అనగా సుమారు పదిహేను నెలలు, ఆయన ఎవరికీ బాప్తిస్మము ఇవ్వలేదు. అడిగినవారు వేలమంది ఉన్నా ఇవ్వలేదు. సహాయము ముగిసిన తరువాతనే, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలోనికి దిగారు.

మన ప్రసంగములలో 2,222 అను సంఖ్య వినని యౌవనస్థుడు లేడు. మూడున్నర మైళ్లు, పదిహేను నెలలు అను సంఖ్యలు విన్నవారు మాత్రము అరుదు. సమాజ సేవ చరిత్రకు ఈ రెండే ముఖ్యమని మా అభిప్రాయము. అన్నమునకు బాప్తిస్మము ధర కారాదని ఆయన ఒక గీత గీశారు. "బియ్యపు క్రైస్తవులు" అను నిందకు ఇంతకంటే గట్టి జవాబు మన చరిత్రలో దొరకదు. రెండవది, నిన్నటి వరకు మేస్త్రీ చేత దెబ్బలు తిన్న కులములో నుండి వచ్చిన బోధకుడు మట్టిపని కొలిచాడు, హాజరు వేశాడు, తన తోటివారికి కూలి లెక్కకట్టి ఇచ్చాడు. కాలువ ప్రభుత్వానిది. లెక్క నేర్చిన చెయ్యి బోధకునిది.

అంతకు ముందే యెర్రగుంట్ల పేరయ్య ఉన్నాడు. తోళ్ల వ్యాపారి. సరుకు కొరకు ఊరూరా తిరిగిన మనిషి. 1866లో భార్య నాగమ్మతో కూడ బాప్తిస్మము పొందిన తరువాత అవే దారులలో, అవే చుట్టరికములలో సువార్తను నడిపించాడు. ఎవరో పెట్టిన ప్రాజెక్టు కాదు అది. ఆయన కులవృత్తి ఆయనకిచ్చిన తిరుగుడు, మాటతీరు, బేరము, నమ్మకము. వీటినే ఆయన సేవకు తెచ్చాడు. క్లౌ దొర తన జీవిత కథకు పెట్టిన పేరు కూడా గమనింపదగినది: "సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్". ఆయన మరణించిన నాలుగేండ్లకు, 1914లో అచ్చయింది. ఆయన చెప్పగా దానిని వ్రాసిన భార్య ఎమ్మా, సామాజిక సువార్త వేదాంతి వాల్టర్ రౌషెన్‌బుష్‌కు స్వయానా అక్క. మన వేదాంత కళాశాలలలో తమ్ముని పుస్తకము పాఠ్యాంశము; అక్క వ్రాసినది గ్రంథాలయములో బీరువా అడుగున ఉంటుంది.

పాలమూరుకు

బాప్టిస్టు మిషను నైజాము రాజ్యములోనికి 1875లో సికింద్రాబాదు ద్వారా వచ్చింది. 1879లో హనుమకొండ, 1885లో ఇ. చ్యూట్ దొరగారితో పాలమూరు. 1890 నాటికి రష్యా దేశపు మెన్నొనైట్ బ్రెదరెన్ సంఘము పంపిన అబ్రహాం ఫ్రీసెన్ అదే మిషను క్రింద నల్లగొండలో పని మొదలుపెట్టారు. అమెరికా మెన్నొనైట్ బ్రెదరెన్ వారు 1899లో ఎన్.ఎన్. హీబర్ట్ గారిని పంపారు. ఆయన ఆరోగ్యము చెడి త్వరలోనే తిరిగి వెళ్లినా పని ఆగలేదు. హైదరాబాదు మలక్‌పేట, నాగర్‌కర్నూల్, వనపర్తి, దేవరకొండ, శంషాబాదు, తరువాత కల్వకుర్తి, ఒక్కొక్కటిగా మిషను కేంద్రములు లేచాయి. 1937లో బాప్టిస్టుల చేతిలోని మహబూబ్‌నగర్, గద్వాల క్షేత్రములు కూడా వారికి వచ్చాయి. ఈ వరుసను చాలామంది ఎరుగుదురు గనుక ఇంతటితో విడుస్తున్నాము.

కాంపౌండు గోడ

ప్రతి కేంద్రములోను ఒకే నమూనా: బంగళా, ప్రార్థనామందిరము, బోర్డింగు పాఠశాల, మందుల గది, బావి, చింతచెట్లు. వచ్చిన పిల్లలలో ఎక్కువమంది మాదిగ, మాల వాడల నుండి వచ్చినవారు. ఊరిలో ఉంటే ఆ వయసుకు దొర ఇంట బర్రెలు కాసే జీతగాడు కావలసిన పిల్లలు.

బోర్డింగులో ఏమి నేర్చుకొన్నారని అడిగితే అక్షరాలు, బైబిలు వచనములు, వడ్రంగము, కుట్టుపని, తోటపని అని సాధారణముగా చెబుతారు. అవి నిజమే. కాని ఆ కాలపు తెలంగాణ పల్లెను తలచుకోవాలి. "నీ బాంచన్, కాల్మొక్త" అనకుండా పేదవాడు పటేలు ముందు నోరు తెరవలేని రోజులు. చెప్పులు చంకలో పెట్టుకొని దొర గడి ముందు నడవవలసిన రోజులు. అటువంటి చోట ఒక పిల్లవాడు లేచి నిలబడి, తల ఎత్తి, అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడము, ఆదివారము సంఘము ఎదుట వాక్యము చదవడము, జవాబు తెలియకపోతే "తెలియదండి" అనగలగడము. నేటి పది నైపుణ్యముల పట్టికను ఈ బోర్డింగు గది మీద పరచి చూడండి. అక్కడ ఎవరూ వాటికి పేరు పెట్టలేదు గాని వాటిలో సగము అక్కడ దొరుకుతాయి.

బైబిలు స్త్రీల పని ఇంకా లోతైనది. వారు కాలినడకన, ఎడ్లబండ్ల మీద వాడవాడకు పోయి స్త్రీలకు కథలు చెప్పారు, పాటలు నేర్పారు, చదువు చెప్పారు, పసిబిడ్డల శుభ్రత గురించి మాట్లాడారు. మిషను నివేదికలలో వీరు చాలా తరచుగా ఒక సంఖ్యగానే కనిపిస్తారు. పేరు ఉన్నది దొరసానులకు. అందులోను డాక్టరు కాథరీనా షెల్లెన్‌బర్గ్ గారి పేరు నిలువదగినదే. 1907లో వచ్చి నాగర్‌కర్నూల్‌లోను శంషాబాదులోను వైద్యము చేస్తూ 1945లో ఇక్కడనే కన్నుమూశారు. తరువాత 1952లో జడ్చర్లలో మెన్నొనైట్ బ్రెదరెన్ వైద్యశాల వెలసింది. కల్వకుర్తి నుండి కూడా రోగులను అక్కడికే తీసికొనిపోయేవారు.

ఈ మేలును తగ్గించి చెప్పడము మా ఉద్దేశము కాదు. కాని కాంపౌండు గోడకు మరొక వైపు ఉంది. గోడ లోపల ఉద్యోగము, వైద్యము, పెండ్లి, సమాధి అన్నీ మిషనే చూచింది. "మిషనే మా తల్లిదండ్రి" అను మాట భక్తితో అన్నదే అయినా, పాత దొర స్థానములో కొత్త దొరను నిలబెట్టిన మాట అది. 1950ల నుండి విదేశ మిషనెరీలకు వీసాలు కఠినమై, 1970ల నాటికి వారి సంఖ్య పడిపోయినప్పుడు, బంగళాను నడిపే డబ్బు, వైద్యశాలకు కావలసిన డాక్టర్లు, బోర్డింగు ఖర్చు అన్నీ ప్రశ్నలైపోయాయి. ఆస్తి ఎవరిదన్న వివాదము సంఘముల శక్తిని ఎంత తిన్నదో పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

నిలిచినది ఏది? పంతుళ్లు, నర్సులు, కాంపౌండర్లు, గుమస్తాలు. బోర్డింగు పిల్లలు ప్రభుత్వ పాఠశాలలలో ఉపాధ్యాయులయ్యారు. అయితే ఇక్కడ మా వాదమునకే ఒక చిక్కు ఉంది. మోసుకొనిపోగలిగినదానిని వారు నిజముగానే మోసుకొని వెళ్లిపోయారు, హైదరాబాదుకు, సికింద్రాబాదుకు. పల్లె సంఘములో మిగిలినవారు చదువు అందనివారు, భూమి లేనివారు. బోర్డింగు ఒక్కొక్క బిడ్డను వాడ నుండి పైకి లాగింది గాని వాడను లేపలేదు. మిషను చదువు మీద నేడు వచ్చే విమర్శలలో ఇది అన్నిటికంటె న్యాయమైనదని మేము తలుస్తాము.

అడ్వాన్సు

ఆ మిగిలినవారు కూడా ఊరిలో ఉండలేదు. "పాలమూరు లేబరు" అను మాట దేశములోని ఆనకట్టల దగ్గర, కాలువల దగ్గర, రోడ్ల దగ్గర వినబడింది. పద్ధతి తెలిసినదే. పండుగకో, పెండ్లికో, వానలు తప్పినప్పుడో గుంపు మేస్త్రీ వచ్చి అడ్వాన్సు ఇస్తాడు. కుటుంబము కుటుంబమే లారీ ఎక్కుతుంది. ఎనిమిది, పది నెలలు పని. తిరిగి వచ్చేటప్పటికి లెక్కలో అడ్వాన్సు తీరి ఉండదు. వెట్టిచాకిరి నిర్మూలన చట్టము 1976లో, అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టము 1979లో వచ్చినా వేలిముద్ర వేసిన చేతికి వాటి పేరు తెలియదు.

పాలమూరు కాపరికి ఇది ఏనాడూ సామాజిక శాస్త్ర విషయము కాదు. కోత పండుగకు నిండిన మందిరము తరువాతి నెలలో సగము ఖాళీ. ముసలివారి దగ్గర విడిచిన పిల్లలు ఆదివారపు బడిలో. తిరిగి వచ్చినవారిలో కొందరికి జ్వరము, కొందరికి అప్పు. కానుక పట్టేటప్పుడు ఎవరి చెయ్యి ఖాళీగా ఉందో కాపరికి తెలుసు. అయినను మన ప్రసంగములలో నెహెమ్యా గ్రంథము అనగానే గోడ కట్టుట మాత్రమే వినిపిస్తుంది. అయిదవ అధ్యాయములో గోడ పని నడుమనే జనులు పొలములను, పిల్లలను కుదువపెట్టామని మొర్రపెట్టడము, నెహెమ్యా పనిని ప్రక్కన పెట్టి అప్పుల లెక్క తీయించడము ఉన్నది. నిర్మాణ కార్యక్రమమును ఆపి అప్పును విచారించిన నాయకుడు ఆయన.

ఈ దృష్టితో చూస్తే వలస కూలికి కావలసిన జీవన నైపుణ్యములు ఏవో తేటపడుతుంది. తీసికొన్న అడ్వాన్సు అంకెను తానే చదవడము. పనిదినములను తన నోటుబుక్కులో తానే వేసికొనడము. మేస్త్రీతో తగవు పడకుండా, తల వంచకుండా మాట్లాడటము. పెండ్లి ఖర్చుకు "వద్దు" అనగలగడము. ఇవి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన నిర్ణయము, విమర్శ, సంభాషణ, ఒత్తిడిని తట్టుకొనుట అనువాటికి పాలమూరు అనువాదము.

2006 ఫిబ్రవరిలో జాతీయ ఉపాధి హామీ పథకము మొదటి విడత జిల్లాలలో మహబూబ్‌నగర్ కూడా చేరింది. ఆ తరువాతి సంవత్సరములలో ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన సామాజిక తనిఖీలలో, గ్రామ యువతీయువకులు మస్టరు రోలును తీసికొని ఇంటింటికి పోయి సరిచూచి, సభలో బిగ్గరగా చదివారు. చనిపోయినవాని పేరున కూలి పడితే ఊరు నవ్వింది, తరువాత అడిగింది. క్లౌ దొర బోధకులు కాలువ గట్టున వేసిన హాజరు మనకు ఇక్కడ జ్ఞాపకము వస్తుంది. అక్కడ నిజాయితీ గల మేస్త్రీ కావలసివచ్చాడు. ఇక్కడ పట్టికను చదవగలిగిన కూలి కావలసివచ్చింది. రెండవది కష్టము, రెండవదే ఎక్కువ కాలము నిలిచేది.

వాచకములోని ఒక పాఠము

అక్షరము ఒక ఊరిని లేపగలదా అను ప్రశ్నకు, బోర్డింగు ఇవ్వలేని జవాబు నెల్లూరు జిల్లా ఇచ్చింది. బాప్టిస్టు తెలుగు మిషనుకు పుట్టినిల్లయిన ఆ జిల్లాలోనే 1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమము నడిచింది. వయోజనుల వాచకములో సారా వలన చితికిన సంసారము గురించి ఒక పాఠము ఉండినది. దూబగుంట స్త్రీలు పాఠము చదివి అక్కడ ఆగలేదు. 1992లో తమ ఊరి సారా దుకాణము మూయించారు. రోసమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరులో సారా నిషేధము, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధము వచ్చాయి. 1997లో దానిని సడలించారన్నది వేరే కథ.

మన సంఘములు తాగుడు గురించి తక్కువగా బోధించలేదు. కాని మన బోధ ఒక్కొక్కని మ్రొక్కుబడితో ఆగింది: ఒకడు లేచి వచ్చాడు, మానేస్తానన్నాడు, మూడు వారములు మానాడు. దూబగుంట స్త్రీలు అడిగిన ప్రశ్న, ఈ సారా ఎవరు పంపుతున్నారు, డబ్బు ఎవరికి పోతున్నది అన్నది, మన ప్రార్థన కూటములలో రాలేదు. ఎందుకు రాలేదో ఆలోచించవలసి ఉంది. రాకూడదని కాదు గదా. దోర్నకల్ బిషపు వి.ఎస్. అజరయ్య గారు 1912 నుండి 1945లో మరణించే వరకు మురికి, రోగము, అప్పు, తాగుడు అను నాలుగింటిని పల్లెను పట్టిన నాలుగు దయ్యములుగా ఎంచి, సంఘమంతా కలిసి వాటి మీద పోరాడాలని నేర్పారు. ఆయన పల్లెకు పంపిన ఉపాధ్యాయునితోపాటు భార్య కూడా శిక్షణ పొందినది కావాలని కోరారు. వ్యక్తిని లేపడము, వాడను లేపడము అను రెండింటిని కలిపిన నమూనా మన తెలంగాణ నేల మీదనే ఉండగా, ప్రాజెక్టు పత్రముల కొరకు మనము దూరదేశముల మాదిరులను వెదకుతున్నాము.

డబ్బు ఎండిన తరువాత

2010 విదేశీ విరాళాల నియంత్రణ చట్టమునకు 2020లో వచ్చిన సవరణ, ఒక సంస్థ పొందిన విరాళమును మరొక సంస్థకు అందించడమును నిషేధించింది. పెద్ద సంస్థ నుండి చిన్న సంఘమునకు జారుతూ వచ్చిన సహాయము దీనితో ఆగిపోయింది. పల్లెలలో ట్యూషను కేంద్రములు, కుట్టు కేంద్రములు మూతపడ్డాయని కాపరులు విచారిస్తున్నారు. ఆ విచారము సహజమే. 1950లలో, 1970లలో కూడా మన పెద్దలు ఇదే విచారము పడ్డారు. అప్పుడు అడగని ప్రశ్నను ఇప్పుడైనా అడగాలి: కేంద్రము మూసిన రోజున అక్కడ నేర్చుకొన్నవారి చేతిలో ఏమి మిగిలింది? మిషను మిగిలితే అది ఒక సంగతి. బ్యాంకుకు ఒంటరిగా పోయి ఫారము నింపే ధైర్యము మిగిలితే అది మరొక సంగతి.

పాలమూరు కూడా మారుతున్నది. శ్రీశైలము నీటిని మూడు చోట్ల ఎత్తిపోసే పథకము వలన కృష్ణా జలము కల్వకుర్తి వైపు పొలములకు చేరింది. కొందరు తిరిగి వచ్చారు. అయినా హైదరాబాదు అపార్టుమెంటుల దగ్గర కాపలాదారుని గదిలో, కట్టడపు పనుల దగ్గర రేకుల షెడ్డులో మన సంఘస్థులు ఇంకా ఉన్నారు.

ఈ పరిశీలనలో మమ్మును అన్నిటికంటె ఆలోచింపజేసినది ముంబయి. పాలమూరు జిల్లా నుండి అక్కడికి కూలికి పోయిన విశ్వాసులు తెలుగు సంఘములుగా కూడుకొన్నారు. వారికి కాంపౌండు లేదు, బంగళా లేదు, జీతమిచ్చే మిషను లేదు. వారు రైలులో తీసికొనిపోయినవి ఒక బైబిలు, ఒక ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము, వాటిని చదవగలిగిన ఒకరిద్దరు, కలిసి కూర్చొని నిర్ణయము చేసికొనే అలవాటు. ఎవరింట కూడాలి, కానుక డబ్బు ఎవరి దగ్గర ఉంచాలి, జబ్బుపడినవానిని ఊరికి ఎవరు తీసికొనిపోవాలి, శవమును ఎక్కడ పాతిపెట్టాలి, ఇవన్నీ వారే తేల్చుకొన్నారు. అందులో కొందరి తల్లులు బైబిలు స్త్రీల దగ్గర కూర్చున్నవారై ఉండవచ్చు. ఆ సంగతి నివేదికలలో దొరకదు. మనుషుల దగ్గరే దొరుకుతుంది. ఆ సంఘములను మొదలుపెట్టిన తరము ముసలిదైపోతున్నది. బి.డి. పరిశోధన వ్యాసమునకు అంశము వెదకుకొనే విద్యార్థి ఎవరైనా ఒక రికార్డరు, ఒక నోటుబుక్కు తీసికొని ముంబయి రైలు ఎక్కితే, కల్వకుర్తి సంఘ చరిత్రలో వ్రాయని సగము అక్కడ వినవచ్చును.